‘కు’ మింగిన టెలిఫోను

మా ఊళ్ళవాళ్ళు ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో పుట్టి, ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసి, రిటైరై, పొద్దుపోక కొట్టుకుంటున్న పెద్దమనుషులంతా అందులో ఉన్నారు. నన్ను అడక్కుండానే మా అన్న కొడుకు నన్నూ అందులో పడేశాడు. పొద్దున లేస్తే పూలగుత్తులు, దేవుళ్ళు, సూర్యోదయాలు. మధ్యాహ్నానికి షుగరుకు కాకరకాయ, మోకాళ్ళకు మెంతులు. సాయంత్రానికి దేశాన్ని ఎవరు పాడుచేశారన్న చర్చ. ఇక పడుకోబోయే ముందు, ఈ దిక్కుమాలిన ఫోన్లు వచ్చి మనుషుల్ని విడదీశాయని, ఆ రోజులే వేరని, అప్పుడు ఫోన్లు లేవుగానీ మనసులు ఉండేవని ఒక బారెడు ఫార్వర్డు. ఫోన్ను తిట్టడానికి కూడా వీళ్ళకు ఫోనే కావాలి. ఆ తిట్టయినా సొంతమా అంటే కాదు, ఎవరో రాసింది ఇటునుంచి అటు తోస్తారు. తోసినవాడూ చదవడు, అందుకున్నవాడూ చదవడు. అయినా అందరూ దండాలు పెడతారు.

మొన్న మా అన్న కొడుకు అందులో ఒక ఫోటో పెట్టాడు. పాత ఇల్లు సర్దుతుంటే మా పెద్దనాయన నల్ల టెలిఫోను దొరికిందట. ‘మా తాత ఫోన్. అప్పట్లో వీధంతటికీ ఇదే దిక్కు. ఆ ఆప్యాయతలు ఇప్పుడేవీ?’ అని కింద రాశాడు. వాడు పుట్టేనాటికే ఆ ఫోను మూగబోయింది. దాని ఆప్యాయత సంగతి వాడికేం తెలుసు? ఇంకేముంది, ఎర్రటి గుండెకాయలు, దండాలు, కన్నీటి బొమ్మలు వచ్చి పడ్డాయి. ఆ ఫోన్లో మాట్లాడే అదృష్టం తనకూ కలిగిందని ఒకాయన రాశాడు. ఆ రోజులు మళ్ళీ రావని ఇంకొకాయన వాపోయాడు. రాకపోవడమే మంచిదని రాద్దామనుకున్నాను. ఒళ్ళు మండి ఊరుకున్నాను. ఆ ఫోను పక్కన కూర్చుని హైస్కూలు చదువంతా చదివినదాన్ని నేను. అది ఏ ఆప్యాయతలు పంచిందో నాకు బాగా తెలుసు.

మా నాయన మద్దికెరలో బడిపంతులు. నన్ను పెద్ద చదువు చదివించాలని ఆదోనిలో పెద్దనాయన ఇంట్లో ఉంచాడు. మిల్లుల వెనక వీధి అది. పత్తి సీజన్లో గాలి నిండా దూదిపింజలే. ఆరేసిన బట్టల మీద, ఊరగాయ జాడీకి కట్టిన గుడ్డ మీద, ముసలివాళ్ళ కనుబొమల మీద కూడా సన్నగా దూది పేరుకునేది. నూనె మిల్లు నుంచి పత్తిగింజల మడ్డివాసన, దాని మీదుగా ఎవరింట్లోనో ఉగ్గాని తాలింపు. పెద్దమ్మ తెల్లవారకముందే లేచి కసువు ఊడ్చి, కళ్ళాపి చల్లి, నీళ్ళు పొయ్యి మీద పెట్టేది. తర్వాత దేవుడి పటాలకన్నా ముందు సేవ ఫోనుకే. హాల్లో గోడవారగా చిన్న బల్ల, బల్ల మీద ఆమె అల్లిన లేసుగుడ్డ, దాని మీద ఆ నల్లటి భూతం. కొబ్బరినూనె అద్దిన గుడ్డతో తుడిచి, నుదురనుకున్న చోట కుంకుమ పెట్టేది. మాట్లాడే చిప్పను మాత్రం ముక్కు చిట్లించుకుని తుడిచేది. నశ్యం, ఆకువక్క, బీడీ, ఉల్లిగడ్డ, వీధిలోని నోళ్ళన్నీ అందులో కంపు కొట్టేవి. మావాడు గ్రూపులో రాసిన ఆప్యాయత బహుశా ఆ కంపే.

పెద్దనాయనకు పత్తి మండీ ఉండేది. బొంబాయి ధరలు తెలుసుకోవడానికని ఫోను పెట్టించాడుగానీ, ధరలకన్నా మనుషుల సంగతులంటేనే ఆయనకు ఎక్కువ మక్కువ. వీధిలో ఎవరింట్లో పెళ్ళయినా శుభలేఖ అడుగున మా నంబరు, దాని పక్కన పి.పి. అని ఉండేది. పి.పి. అంటే పక్కింటి పోను అనే నేను చాలాకాలం నమ్మాను. ఫోను వాడుకున్నందుకు పెద్దనాయన ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవాడు కాదు. కబురు పుచ్చుకునేవాడు. ఎవరికి ఫోను వచ్చినా ఆయన కుర్చీ అక్కడినుంచి కదిలేది కాదు. కొత్తకోడలు తల్లితో మాట్లాడుతూ ముక్కు చీదితే, ఆమె ఇంకా ఫోను పెట్టకముందే “ఏమంట? అత్త ఏమన్యా అనిందా?” అని అడిగేవాడు. సాయంత్రానికి ఆ సంగతి మా అరుగు మీద చేరిన అందరి నోళ్ళలోనూ నానేది. తలా ఒక అభిప్రాయం. అడిగినవాళ్ళెవరూ లేరు, అయినా చెప్పేవారు. కోడలిదే తప్పని ఒకరు, అత్తదేనని ఒకరు, ఈ కాలమే ఇంతని ఇంకొకరు. ఇప్పుడు గ్రూపులో జరిగేది కూడా అదే. అప్పుడు అరుగు ఇంటి ముందు ఉండేది, ఇప్పుడు జేబులో పట్టింది.

తాను తీసి చేతికిస్తే తప్ప ఆడవాళ్ళు ఫోను ఎత్తకూడదన్నది పెద్దనాయన కట్టడి. ఆడపిల్ల ఫోను పట్టుకుంటే కొంప కొల్లేరేనట. నా మోచేతి పక్కనే గంట మోగినా, పెరట్లో పళ్ళు తోముకుంటున్న ఆయన్ను పిలుచుకురావాలి. ఆయన పుక్కిలించి, ముఖం తుడుచుకుని వచ్చేదాకా అది మోగి చావాల్సిందే. ఏళ్ళ తరబడి జిన్నింగు మిల్లుల మోతలో తిరిగి ఆయనకు ఎడమ చెవి సగం పోయింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. ఫోను ఎప్పుడూ ఆ చెవికే పెట్టేవాడు. సెల్లుల వల్ల ఆడపిల్లలు చెడిపోతున్నారని గ్రూపులో ఒకాయన ఇప్పటికీ వారం వారం రాస్తుంటాడు. ఆయన పేరు కనబడినప్పుడల్లా నాకు పెద్దనాయన ఎడమ చెవే గుర్తుకొస్తుంది.

మా వీధి చివర ఈరన్న, నరసమ్మ అని మొగుడూ పెళ్ళాలు ఉండేవారు. ఈరన్న ప్రెస్సింగు మిల్లులో పత్తి బేళ్ళు మోసేవాడు. నరసమ్మను నేను అత్తా అని పిలిచేదాన్ని. నల్లగా, పొడుగ్గా, గట్టిగా నవ్వే మనిషి. ఆమెది మంచి చెయ్యి అని పేరు. వీధిలో ఏ ఇంట్లో పెళ్ళయినా, పసుపు కొట్టేరోజు మొదటి రోకటి పోటు ఆమెదే. ఐదుగురు ముత్తైదువలు కావాలంటే ముందు నరసమ్మ పేరు తలుచుకుని, మిగతా వాళ్ళ కోసం తర్వాత వెతికేవారు. ఒంటిమీద నగ లేదు, ఇంట్లో గట్టి చాప లేదు. ఉన్న గర్వమల్లా అదొక్కటే. “నా సెయ్యి తగిలిన పెండ్లి యాదీ పెటాకులు కాలేదు పాపా” అని నాతో చెప్పి మురిసిపోయేది.

ఒక శ్రావణమాసంలో ఈరన్న ఎమ్మిగనూరులో మగ్గం నేసే తమ్ముడి ఇంటికి వెళ్ళాడు. వస్తానన్న రోజుకు రాలేదు. ఆ పొద్దున మా ఫోను మోగింది. నేను యథాప్రకారం పెద్దనాయనను పిలుచుకొచ్చాను. ఆయన తుండుతో ముఖం తుడుచుకుని, ఎడమ చెవికి పెట్టుకుని, ఫోను లేకపోయినా ఎమ్మిగనూరుకు వినబడేంత గట్టిగా అరిచాడు.

“అలో! యాడనుంచి? ఎమ్మిగనూరా? సెప్పప్పా!... ఎవురూ? ఈరన్నా?... పోయినాడా! అయ్యో దేవుడా, ఎప్పుడు పోయినాడు?... పొద్దున్నేనా! ఎట్ల పోయినాడప్పా?... బస్సులోనా!”

లైను తెగిపోయింది. ఆయన ఫోను పెట్టేసి ఇటు తిరిగాడు. ఆ ముఖంలో బాధ లేదని అనను. కానీ బాధకన్నా ముందు ఇంకొకటి కనబడింది. వీధిలో ఎవరికీ తెలియని సంగతి తనొక్కడికే తెలిసిన మనిషి ముఖం అది. నరసమ్మత్త ఇంటికి వెళ్ళి మెల్లగా చెప్పవచ్చు, పెద్దమ్మను పంపవచ్చు. అలా చేయలేదు. అరుగు మీదికి వెళ్ళి “మన ఈరన్న బస్సులో పోయినాడంట!” అని గొంతెత్తి ప్రకటించాడు. నరసమ్మత్తకు తప్ప వీధంతటికీ ముందు తెలిసింది.

అరుగు దిగేసరికి బస్సు బోల్తా పడింది. కుళాయి దగ్గరికి చేరేసరికి ఆ బస్సు వాగులో పడింది. మిల్లు గేటు దగ్గర డ్రైవరు తాగి ఉన్నాడు. టీ బంకులో ఒకాయన ఆ డ్రైవరు తనకు తెలుసని, వాడు మొదటినుంచీ అంతేనని చెప్పాడట. “పీనుగను ఈడికే తెస్తారంట” అని పెద్దనాయనే అన్నాడు. ఆ ‘అంట’ ఎక్కడిదో, ఎవరన్నారో ఎవరూ అడగలేదు. ఫోనున్నవాడు చెప్పాడు, చాలదా?

పెద్దమ్మ పరుగెత్తింది, ఆమె వెనకే నేను. నరసమ్మత్త జొన్నరొట్టె తడుతోంది. చేతుల నిండా పిండి. గుంపుగా వస్తున్నవాళ్ళను చూసి “ఏమక్కా, ఎవురికేమయింది?” అని అడిగింది. పెద్దమ్మ నోరు తెరిచేలోగా వెనకనుంచి ఎవరో చెప్పేశారు. ఆమె గడప మీద పడి రెండు చేతులూ నేలకేసి కొట్టుకుంది. శ్రావణమాసమని కొత్తగా తొడిగించుకున్న పచ్చగాజులు పిండిలో, దుమ్ములో ముక్కలు ముక్కలయ్యాయి. ఎదురింటి అవ్వ వంగి తన కొంగుతో ఆమె నుదుటి బొట్టు తుడిచేసింది. ఎవరో ఒకరు చేయాల్సిన పనే కదా అన్నట్టు, ఎంగిలాకు తీసినంత తేలిగ్గా తుడిచేసింది. పెనం మీద రొట్టె మాడి వీధంతా కమురు వాసన. తర్వాత చాలాకాలం నాకు జొన్నరొట్టె సయించలేదు.

పొద్దుగూకేదాకా శవం కోసం ఎదురుచూశారు. ఎమ్మిగనూరు ఎంత దూరమని? బస్సెక్కితే గంట. ఒక్కడు పోయి చూసిరావచ్చు. ఎవరికీ తోచలేదు. ఫోనే చెప్పాక ఇంక చూసేదేముంది? మర్నాడు తెల్లారాక ఇద్దరు మగవాళ్ళకు బుద్ధి పుట్టి బయలుదేరారు. వాళ్ళ బస్సు ఊరు దాటిన కాసేపటికే ఇంకో బస్సులోంచి ఈరన్న దిగాడు. నున్నటి గుండు, గుండు మీద గంధం, చంకలో ప్రసాదం మూట. తన ఇంటి ముందు జనాన్ని చూసి, ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకుని గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

“ఎవురప్పా? ఎవురప్పా పోయినారు?”

గోడకానుకుని చుట్ట కాలుస్తున్న ముసలాయన తలెత్తి ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. “నువ్వేనప్పా” అన్నాడు.

నరసమ్మత్త లోపలినుంచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది. మొగుడి గుండు మీద చెయ్యి వేసి తడిమింది. గంధం ఆమె చేతికంటుకుంది. “ఈరన్నకు పోయినావా?” అంది.

“ఊఁ. తమ్మునోళ్ళు పిల్లోనికి పుట్టెంటికలు తీపిస్తాం రాన్నా అంటే ఉరుకుందకు పోయినా. నేనూ గుండు కొట్టిచ్చుకుంటి. అంగడాయనతో ఫోను సేపిచ్చినా గదా, ఈరన్న ఈరన్నకు పోయినాడు, రేపొస్తాడు అని!”

మా వైపు ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి వెళ్ళడాన్ని ఈరన్నకు పోవడం అంటారు. ఆయన పేరే ఇంటికొకరికి పెట్టుకుంటారు. అంగడాయన సరిగ్గానే చెప్పాడు. ఫోను ఒక్క ‘కు’ను మింగింది. ఈరన్న, ఈరన్న అని రెండుసార్లు వినబడితే, లైను బాగాలేక అవతలి మనిషి పేరు మళ్ళీ చెప్తున్నాడని పెద్దనాయన అనుకున్నాడు. పొద్దున్నే పోయిన మాట నిజం. బస్సులో పోయిన మాటా నిజమే. అందరూ పెద్దనాయన వైపు చూశారు. ఆయన తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. “నాకు ఇనబడింది నేను సెప్పినా. ఫోను అబద్ధం సెప్తాదా? కావాలంటే పోయి ఎక్స్ఛేంజీ వాళ్ళను అడుక్కోండి” అన్నాడు. జనం నిజమే నిజమే అని తలలూపారు. ఈరన్న బతికొచ్చినందుకు వాళ్ళకు సంతోషం లేకపోలేదు. కానీ తిరునాళ్ళకు బయలుదేరి వాన వచ్చి ఆగిపోయినవాళ్ళ ముఖాల్లా కూడా ఉన్నాయి వాళ్ళ ముఖాలు.

చావు కబురు మద్దికెర దాకా పోయింది. బతికిన కబురు మా వీధి మలుపు కూడా దాటలేదు. చాలారోజుల తర్వాత కూడా ఎవరో ఒక దూరపు చుట్టం బస్టాండు నుంచే శోకాలు పెట్టుకుంటూ వచ్చేవాడు. ఈరన్న బీడీ కాలుస్తూ ఎదురైతే, దండగ ప్రయాణం పెట్టించాడని ఆయన మీదే కోపగించుకునేవాడు. ఇదంతా చదువురాని రోజుల వెర్రి అని ఎవరైనా అంటారేమో. మొన్నీమధ్యే మా గ్రూపులో మా లెక్కల సారు పోయారని ఎవరో పెట్టారు. ఎమ్మే చదివినవాళ్ళు, ఇంజనీర్లు, బ్యాంకు మేనేజర్లు వరసగా దండాలు పెట్టారు. ఆయన కూతురు అదే గ్రూపులో ఉంది. నాన్న ఇప్పుడే ఇడ్లీలు తిని పేపరు చదువుతున్నారని పాపం రాసింది. దాని కిందనే మళ్ళీ ‘సారు ఆత్మకు శాంతి కలుగుగాక’. పైన ఏముందో చదివే తీరిక ఎవరికుంది? మొదట పెట్టినవాడు తన మాటను గుట్టుగా చెరిపేసి, మర్నాడు పొద్దున ఏమీ ఎరగనట్టు మందారపువ్వు పెట్టాడు. ఒక్కరూ క్షమించమని అడగలేదు. పెద్దనాయనైనా నయం, ఎక్స్ఛేంజీ మీదికి తోశాడు.

నరసమ్మత్తకు మళ్ళీ గాజులు తొడిగించారు. పెద్దమ్మే వెళ్ళి బొట్టు పెట్టి వచ్చింది. అంతటితో అయిపోవాలి. కానీ అరుగు ఊరుకుంటుందా? పగిలిన గాజులు పగిలినట్టేనన్నారు కొందరు. తనకు తాను కొట్టుకుంది కాబట్టి లెక్కలేదన్నారు కొందరు. బొట్టు తుడిచిన ఎదురింటి అవ్వే “పాపం, దానిదేం తప్పులేదు గానీ...” అనేది. ఆ ‘గానీ’ తర్వాత ఏముందో ఆమె చెప్పేది కాదు, ఎవరూ అడిగేవారు కాదు. వీధిలో తర్వాత జరిగిన పెళ్ళికి నరసమ్మత్తను భోజనానికి పిలిచారు, పసుపుకు పిలవలేదు. ఆ తర్వాతి పెళ్ళికీ అంతే. మొగుడు నిక్షేపంగా బేళ్ళు మోసుకుంటూ ఎదురుగా తిరుగుతుంటే, పెళ్ళాన్ని సగం విధవను చేసి మూల కూర్చోబెట్టారు. ఆ మనుషుల మీద నాకు అప్పుడు పుట్టిన అసహ్యం ఇప్పటికీ తగ్గలేదు. ఆ రోజుల్లో మనసులు ఉండేవని రాస్తున్న ఈ పెద్దమనుషుల్లో చాలామంది వాళ్ళ బిడ్డలే.

అంతలో పెద్దనాయన కూతురు సరోజక్కకు పెళ్ళి కుదిరింది. సరోజక్కను పసిబిడ్డప్పటి నుంచి చంకనేసుకుని తిప్పింది నరసమ్మత్తే. “నీ పసుపు నేనే కొడతా, సూస్తాండు” అని ఆమెతో ఎప్పుడూ అనేది. పసుపు కొట్టే రోజు దగ్గరపడేకొద్దీ పెద్దమ్మకు అన్నం సయించలేదు. “పిలిస్తే రేపు పిల్లకు ఏమన్నా అయినప్పుడు అందరూ నన్నే అంటారు. పిలవకపోతే దాని మొగం ఎట్ల సూసేది?” అని పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళు ఒత్తుకుంది. చివరకు నన్ను వెంటబెట్టుకుని తానే వెళ్ళింది. “నరసా, రేపు తినేదానికి రా” అంది. నరసమ్మత్త చేట పక్కన పెట్టి “తినేదానికేనా అక్కా?” అని అడిగింది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని వచ్చేసింది.

మర్నాడు హాల్లో రోలుకు సున్నం రాసి కుంకుమ బొట్లు పెట్టారు. రోకలికి తమలపాకు, పసుపుకొమ్ము కట్టారు. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. సరోజక్క పీట మీద కూర్చుంది. అప్పుడు వచ్చింది నరసమ్మత్త. రెండు చేతుల నిండా గాజులు, రూపాయంత బొట్టు. “నువ్వు అట్ల కూసో తల్లీ, ఎండన పడి వచ్చినావు” అని ఎదురింటి అవ్వ గోడ పక్క చాప చూపించింది. నరసమ్మత్త కూర్చోలేదు. రోలు చుట్టూ తిరిగి నేరుగా ఫోను దగ్గరికి నడిచింది. మా ఇంట్లో ఏ ఆడమనిషీ తనంతట తాను ఎత్తని ఫోను ఎత్తి చెవికి పెట్టుకుంది.

“అలో! ఎవురున్నా ఇనండి. నేను నరసమ్మను, ఆదోని నుంచి మాట్లాడతాండా. నా మొగుడు ఈరన్న పోలేదు. ఈరన్నకు పోయినాడు. గుండు కొట్టిచ్చుకోని వచ్చినాడు. ఇప్పుడు మిల్లులో బేళ్ళు మోస్తాండాడు. మా ఈదోళ్ళు కండ్లతో సూసింది నమ్మరంట, ఫోన్లో ఇంటేనే నమ్ముతారంట. అందుకే ఫోన్లో సెప్తాండా.”

అరుగు మీదినుంచి పెద్దనాయన లోపలికి దూకినట్టు వచ్చాడు. “ఏయ్, ఎవురితో మాట్లాడతాండావు? నంబరే తిప్పలేదు గదా నువ్వు! ఆడ ఎవురూ లేరు!”

“ఆ పొద్దు ఉండె గదన్నా” అంది నరసమ్మత్త. “ఉంటే మాత్రం నువ్వు వాని మాట ఇన్నావా?”

ఫోను జాగ్రత్తగా లేసుగుడ్డ మీది తన చోట పెట్టింది. పెద్దమ్మ ఒక్కతే లేచింది. కళ్ళనీళ్ళు కారిపోతుంటే, గోడకానించిన రోకలి తీసి రెండు చేతులతో ఆమె ముందు పట్టుకుంది. “పట్టుకో నరసా. ఎవురేమన్నా అననీ” అంది. నేను అప్పుడు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. సరోజక్క పీట మీదినుంచి సగం లేచింది. నరసమ్మత్త రోకలి వైపు చూసింది. చెయ్యి కొంచెం ముందుకు వచ్చింది కూడా. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

“వద్దక్కా. ఎప్పుడో ఒగ పొద్దు ఆయప్ప నిజంగానే పోతాడు. అందరం పోయేటోళ్ళమే. ఆ పొద్దు వీళ్ళంతా కూసోని, సూసినారా మేం ముందే అనుకుంటిమి అంటారు. ఆ మాటకు నా సెయ్యి సాచ్చికం పెట్టను.”

సరోజక్క గడ్డం పట్టుకుని “సల్లగుండు తల్లీ” అంది. చుట్టూ ఉన్నవాళ్ళెవరి వైపూ చూడకుండా గడప దాకా వెళ్ళి, పెద్దమ్మ వైపు తిరిగింది.

“పోతానక్కా” అంది.

పోయొస్తానని అనలేదు. ఆ మాటను తప్పుగా విన్నవాళ్ళు ఆ హాల్లో ఒక్కరూ లేరు.